ఠాణాలో చట్టం, వృత్తిధర్మం: పోలీసు శిక్షణార్థి నేర్చే పాఠాలు, పౌరుడు తెలుసుకోవలసిన హక్కులు

కర్ణాటక పోలీసు అకాడమీ మైసూరులో ఉంది. తమిళనాడు అకాడమీ చెన్నై శివార్లలోని వండలూరు సమీపంలోను, మహారాష్ట్ర అకాడమీ నాసిక్‌లోను, ఒడిశాకు చెందిన బిజూ పట్నాయక్ రాష్ట్ర పోలీసు అకాడమీ భువనేశ్వర్‌లోను పనిచేస్తున్నాయి. ఐ.పి.ఎస్. అధికారులకు శిక్షణనిచ్చే సర్దార్ వల్లభ్‌భాయి పటేల్ జాతీయ పోలీసు అకాడమీ హైదరాబాదులో ఉంది. ఎక్కడ చేరిన శిక్షణార్థికైనా కవాతు, వ్యాయామం, ఆయుధ శిక్షణలతోపాటు రెండు పాఠాలు తప్పవు. మొదటిది నేరన్యాయ చట్టం: పోలీసుకు ఏ అధికారం ఉంది, దాని హద్దు ఎక్కడ అన్నది. రెండవది వృత్తిధర్మం: ఆ అధికారాన్ని ఎవరూ చూడని వేళ కూడా ఎలా వినియోగించాలన్నది.

ఈ పాఠాలు పౌరునికీ అవసరమే. చట్టం అధికారికి విధిగా నిర్ణయించిన అంశాలలో ఎక్కువ భాగం, ఎదుట నిలబడిన వ్యక్తికి హక్కుగా సంక్రమిస్తాయి. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితంగా ఇవ్వడం అధికారి విధి. దానిని అడిగి తీసుకోవడం ఫిర్యాదీ హక్కు. ఆ విధి ఉన్నదని తెలియనివాడు ఆ హక్కును అడగలేడు.

తెలుగు రాష్ట్రాల వెలుపల స్థిరపడిన తెలుగువారికి ఇందులో మరొక చిక్కు ఉంది. బెంగళూరులో కట్టడపు పనికి వచ్చిన కుటుంబమైనా, షోలాపూరు, భివండీ మగ్గాల మధ్య తరతరాలుగా జీవిస్తున్న కుటుంబమైనా, చెన్నైలోని చిరువ్యాపారి అయినా, ఠాణాలో ఎదుర్కొనే కాగితం సాధారణంగా కన్నడంలోనో, మరాఠీలోనో, తమిళంలోనో ఉంటుంది. ఆ భాష మాట్లాడగలిగినవారిలో కూడా ఆ లిపి చదవలేనివారు అనేకులు. చట్టం ఇచ్చిన రక్షణ అర్థమయ్యే భాషలో అందినప్పుడే అది రక్షణగా పనిచేస్తుంది. ఈ వ్యాసం ఆ రక్షణలను వరుసగా వివరిస్తుంది.

మూడు కొత్త చట్టాలు

2024 జులై 1 నుండి దేశమంతటా మూడు కొత్త చట్టాలు అమలులోకి వచ్చాయి. ఏది నేరమో, దానికి శిక్ష ఏమిటో చెప్పేది భారతీయ న్యాయ సంహిత. ఇది 1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానంలో వచ్చింది. ఫిర్యాదు మొదలు తీర్పు వరకు పాటించవలసిన పద్ధతిని నిర్ణయించేది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. ఇది 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చింది. ఏది సాక్ష్యంగా చెల్లుతుందో చెప్పేది భారతీయ సాక్ష్య అధినియం; ఇది 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో వచ్చింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతియే వర్తిస్తుంది. కనుక కొంతకాలం పాటు న్యాయస్థానాలలో పాత సెక్షన్లు, కొత్త సెక్షన్లు రెండూ వినిపిస్తాయి. ఈ వ్యాసంలో పేర్కొన్న సెక్షన్లు, వేరుగా చెప్పనంతవరకు, నాగరిక్ సురక్షా సంహితకు చెందినవి.

నిందితుడు వేరు, దోషి వేరు

శిక్షణార్థి మొట్టమొదట గ్రహించవలసిన భావన పనుల విభజన. దర్యాప్తు చేసేది పోలీసు. న్యాయస్థానంలో ప్రభుత్వ పక్షాన కేసు నడిపేది ప్రాసిక్యూటర్. నేరం రుజువైనదో లేదో నిర్ణయించి శిక్ష విధించేది న్యాయమూర్తి. ఆ శిక్షను అమలు చేసేది కారాగార శాఖ. ఈ నాలుగు పనులు ఒకే చేతిలో ఉండరాదన్నదే నేరన్యాయ వ్యవస్థకు పునాది. ఆధారాలను సేకరించి, అవి నిలుస్తాయనుకుంటే అభియోగపత్రం దాఖలు చేయడం వరకే పోలీసు అధికారం. శిక్షించే అధికారం, అది చెంపదెబ్బ రూపంలోనైనా సరే, అతనికి లేదు.

ఈ విభజన నుండే పదాల తేడా పుడుతుంది. అనుమానం ఉన్నవాడు అనుమానితుడు. అభియోగం మోపబడినవాడు నిందితుడు. న్యాయస్థానం నేరం రుజువైనదని తీర్పు చెప్పిన తరువాతనే అతడు దోషి. అంతవరకు అతడు నిర్దోషి అన్న భావనతోనే వ్యవహరించాలి. నేరాన్ని రుజువు చేయవలసిన భారం ప్రభుత్వానిది. సహేతుకమైన సందేహానికి తావులేకుండా రుజువు చేయాలి. వాడుకలో ‘పోలీసులు పట్టుకున్నారు కనుక ఏదో చేసే ఉంటాడు’ అన్న మాట తరచు వినిపిస్తుంది. చట్టం ఆ మాటను అంగీకరించదు.

ఫిర్యాదు: మొదటి కాగితం

నేరాలను చట్టం రెండు తరగతులుగా విభజించింది. దొంగతనం, దోపిడి, అత్యాచారం, హత్య వంటివి కాగ్నిజబుల్ నేరాలు. వీటిలో మేజిస్ట్రేటు అనుమతి లేకుండానే పోలీసు దర్యాప్తు ప్రారంభించవచ్చు. సాధారణమైన దూషణ, చిన్నపాటి దెబ్బలాట వంటివి నాన్ కాగ్నిజబుల్ నేరాలు. వీటిలో దర్యాప్తుకు మేజిస్ట్రేటు ఆదేశం కావాలి.

కాగ్నిజబుల్ నేరం జరిగినట్లు సమాచారం అందితే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయడం అధికారి ఇష్టానిష్టాలపై ఆధారపడదు. 2013 నవంబరులో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. కొత్త చట్టంలోని 173వ సెక్షన్ ఒక వెసులుబాటు కల్పించింది: మూడేళ్లు మొదలు ఏడేళ్ల లోపు శిక్ష పడదగిన నేరాలలో, డి.ఎస్.పి. స్థాయి అధికారి ముందస్తు అనుమతితో, 14 రోజులలో ముగిసే ప్రాథమిక విచారణ జరపవచ్చు. మిగిలిన సందర్భాలలో ‘విచారించి చూస్తాం, తరువాత రండి’ అనడం చట్టసమ్మతం కాదు.

వలస కుటుంబాలకు ఎంతో ఉపయోగపడే నిబంధన ఇదే సెక్షన్‌లో ఉంది. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు చేయవచ్చు. దీనినే వాడుకలో జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. బ్రహ్మపురం నుండి బెంగళూరుకు రైలులో వచ్చిన స్త్రీ నగలు దారిలో ఎక్కడో పోయాయనుకుందాం. దొంగతనం జరిగిన ప్రాంతపు ఠాణాను వెదుక్కుంటూ ఆమె వెనుకకు పోనవసరం లేదు. దిగినచోట ఫిర్యాదు స్వీకరించి, సంబంధిత ఠాణాకు బదిలీ చేయవలసిన బాధ్యత పోలీసుది. ఎలక్ట్రానిక్ విధానంలో కూడా సమాచారం ఇవ్వవచ్చు. అయితే మూడు రోజులలోగా ఫిర్యాదీ సంతకం చేయాలి.

ప్రాంతాన్నిబట్టి ఠాణాలో ఇచ్చే కాగితాల పేర్లు మారుతాయి. తమిళనాడులో ఫిర్యాదు ఇచ్చిన వెంటనే సాధారణంగా సి.ఎస్.ఆర్. రసీదు ఇస్తారు. మహారాష్ట్రలో నాన్ కాగ్నిజబుల్ ఫిర్యాదును ఎన్.సి. అని నమోదు చేస్తారు. ఇవి ఎఫ్.ఐ.ఆర్. కావు. ఎఫ్.ఐ.ఆర్.కు ప్రత్యేకమైన సంఖ్య, సంవత్సరం, చట్టం పేరు, సెక్షన్లు ఉంటాయి. చేతికి వచ్చిన కాగితం ఏదో అక్కడే అడిగి తెలుసుకోవడం మంచిది.

భాష విషయంలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదును అధికారి వ్రాసుకొని, దానిని ఫిర్యాదీకి చదివి వినిపించాలి. ఆ తరువాతనే సంతకం. అర్థం కాని భాషలో చదివి వినిపించితే ఈ నిబంధన ప్రయోజనం నెరవేరదు. కాబట్టి ‘నాకు అర్థమయ్యే భాషలో చెప్పండి’ అని అడగడం మర్యాదాలోపం కాదు. రెండవది, ఫిర్యాదు ఫలానా భాషలోనే ఉండాలని 173వ సెక్షన్ చెప్పలేదు. తెలుగులో వ్రాసుకొని వెళ్లి, ఆ ప్రతిని తన దగ్గర కూడా ఉంచుకొన్నవారికి, తరువాత కాగితంలో తేడా వచ్చినప్పుడు చూపడానికి ఒక ఆధారం ఉంటుంది. స్థానిక భాష తెలిసిన నమ్మకస్తుని దుబాసీగా వెంట తీసుకొని వెళ్లడం మరింత మేలు.

ఠాణాలో ఫిర్యాదు తీసుకోకపోతే, దానిని వ్రాతపూర్వకంగా జిల్లా ఎస్.పి.కి పంపవచ్చు, కమిషనరేట్ ఉన్న నగరాలలో ఆ స్థాయి అధికారి డి.సి.పి. అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేయవచ్చు. స్త్రీలపై జరిగిన కొన్ని తీవ్ర నేరాల ఫిర్యాదును నమోదు చేయకపోవడం ఆ అధికారి చేసిన నేరమే అవుతుందని న్యాయ సంహిత 199వ సెక్షన్ చెబుతున్నది.

అరెస్టు: అధికారం ఉండడం వేరు, అవసరం ఉండడం వేరు

1994లో జోగిందర్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాన్ని నేటికీ శిక్షణ తరగతులలో బోధించవలసిందే. అరెస్టు చేసే అధికారం ఉన్నంతమాత్రాన అరెస్టు చేయవలసిన అవసరం ఉన్నట్లు కాదు; ఆ అవసరాన్ని అధికారి విడిగా సమర్థించుకోవాలి. నిందితుడు పారిపోతాడనో, సాక్ష్యాన్ని చెరిపివేస్తాడనో, సాక్షులను బెదిరిస్తాడనో, మరొక నేరం చేస్తాడనో నమ్మడానికి కారణం ఉండాలి. ఏడేళ్ల వరకు శిక్ష పడదగిన నేరాలలో ఈ కారణాలను వ్రాసిపెట్టాలని 35వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. అరెస్టు అవసరం లేనప్పుడు, హాజరు కావలసిందిగా నోటీసు ఇవ్వాలి. నోటీసు ప్రకారం హాజరవుతున్నవారిని, కారణాలు వ్రాయకుండా అరెస్టు చేయరాదు. మూడేళ్ల లోపు శిక్ష పడదగిన నేరంలో 60 ఏళ్లు దాటినవారిని, అశక్తులను డి.ఎస్.పి. స్థాయి అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయరాదు.

అరెస్టు జరిగినప్పుడు పాటించవలసిన నియమాలకు మూలం డి.కె. బసు కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన 11 ఆదేశాలు. వాటిలో ముఖ్యమైనవి నేడు చట్టంలోనే చేరాయి. అధికారి తన పేరు స్పష్టంగా కనిపించే గుర్తింపు ధరించాలి. అరెస్టు మెమో వ్రాయాలి. దానిపై కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతపు గౌరవనీయుడో సాక్షిగా సంతకం చేయాలి. అరెస్టయిన వ్యక్తి కూడా సంతకం చేయాలి. అతడు కోరిన బంధువుకో, మిత్రునికో సమాచారం అందించాలి. వైద్య పరీక్ష జరిపించాలి. సాధారణంగా సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు స్త్రీలను అరెస్టు చేయరాదు; తప్పనిసరి పరిస్థితిలో మహిళా అధికారి వ్రాతపూర్వక నివేదికతో మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి పొందాలి.

అరెస్టుకు కారణం తెలియజేయడం రాజ్యాంగం 22వ అధికరణం విధించిన బాధ్యత. ఏ భాషలో తెలియజేయాలి? ఈ ప్రశ్న 1962లోనే మహారాష్ట్ర నుండి సుప్రీంకోర్టుకు చేరింది. ముందస్తు నిర్బంధంలో ఉన్న హరికిసన్ అనే వ్యక్తికి నిర్బంధ కారణాలను ఇంగ్లీషులో ఇచ్చారు. ఆ భాష తనకు రాదని, హిందీలో ఇవ్వాలని అతడు కోరగా అధికారులు నిరాకరించారు. అర్థం కాని భాషలో ఇచ్చిన కాగితంతో రాజ్యాంగ బాధ్యత తీరదని న్యాయస్థానం ఆ నిర్బంధాన్ని రద్దు చేసింది. 2025 నవంబరులో మహారాష్ట్రకే సంబంధించిన మిహిర్ రాజేశ్ షా కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని సాధారణ అరెస్టులకు కూడా విస్పష్టంగా వర్తింపజేసింది. ఏ నేరమైనా సరే, అరెస్టుకు కారణాలను ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో, వ్రాతపూర్వకంగా ఇవ్వాలి. వెంటనే వీలుకానప్పుడు నోటిమాటగా చెప్పి, మేజిస్ట్రేటు ముందు రిమాండుకు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందుగా వ్రాతప్రతి అందజేయాలి. తెలుగు మాత్రమే చదవగలిగినవానికి కారణాలు తెలుగులో అందాలని కోరే హక్కు దీనివలన ఏర్పడుతున్నది.

ప్రయాణానికి పట్టే సమయం మినహా 24 గంటలలోగా అరెస్టయిన వ్యక్తిని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది లాంఛనంగా జరిగిపోయే తంతు కాకూడదు. పోలీసు అధీనంలో ఉన్న మనిషిని పోలీసు కాని అధికారి మొదటిసారి చూసే ఘట్టమిది. దెబ్బలు తగిలినా, కారణం తెలియజేయకపోయినా, బంధువులకు కబురు అందకపోయినా, న్యాయవాది లేకపోయినా అక్కడే చెప్పాలి. ఆ భాష రాకపోతే రాదని చెప్పడం కూడా ముఖ్యమే. న్యాయ విచారణలో నిందితునికి తెలియని భాషలో సాక్ష్యం నమోదైనప్పుడు, దానిని అతనికి అర్థమయ్యే భాషలోకి బహిరంగ న్యాయస్థానంలోనే అనువదించి చెప్పాలని చట్టం నిర్దేశిస్తున్నది. దుబాసీ ఉన్నది ఉన్నట్లు అనువదించడానికి చట్టరీత్యా బద్ధుడు.

‘డిజిటల్ అరెస్టు’ అన్నది చట్టంలో లేదు. అరెస్టు అంటే మనిషిని భౌతికంగా అదుపులోకి తీసుకోవడమే. వీడియో కాల్‌లో యూనిఫారంతో కనిపించి, గదిలోనుండి కదలవద్దని, డబ్బు బదిలీ చేయమని బెదిరించేవారు మోసగాళ్లు. 35వ సెక్షన్ నోటీసును వాట్సాప్ వంటి మార్గాలలో పంపడం చెల్లదని సుప్రీంకోర్టు 2025లో స్పష్టం చేసింది. ఇటువంటి కాల్ వచ్చినప్పుడు వెంటనే ఆపివేసి 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

బెయిలు: ఊరు కాని ఊరిలో జామీను

బెయిలబుల్ నేరాలలో బెయిలు పొందడం హక్కు. ఠాణాలోనే పూచీ తీసుకొని విడిచిపెట్టవచ్చు. మిగిలిన నేరాలలో న్యాయస్థానం విచక్షణతో నిర్ణయిస్తుంది. దర్యాప్తు 60 రోజులలో, తీవ్రమైన నేరాలలో 90 రోజులలో పూర్తయి అభియోగపత్రం దాఖలు కాకపోతే, నిందితుడు దరఖాస్తు చేసుకొని పూచీ సమర్పిస్తే బెయిలు ఇవ్వవలసిందే.

వలస వచ్చినవారికి తరచు ఎదురయ్యే ఆటంకం స్థానిక జామీనుదారు. ఈ విషయంలో 1978 నాటి మోతీరాం కేసు ప్రసిద్ధం. మధ్యప్రదేశ్‌లో ఒక పేద తాపీమేస్త్రీకి మేజిస్ట్రేటు 10,000 రూపాయల పూచీ విధించి, అతని సోదరుని ఆస్తి పొరుగు జిల్లాలో ఉన్నదన్న కారణంతో అతని జామీనును తిరస్కరించాడు. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును తప్పుపట్టింది. దక్షిణాది నుండి వెళ్లిన తెలుగువాడో, తమిళుడో, కన్నడిగుడో సుదూర ప్రాంతంలో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుని ఎక్కడినుండి తేగలడని ధర్మాసనం ప్రశ్నించింది. పూచీ మొత్తం మనిషి స్తోమతకు తగినట్లు ఉండాలని, జామీనుదారు వేరే జిల్లావాడన్న కారణమే తిరస్కరణకు చాలదని ఈ తీర్పు వలన స్థిరపడింది. నిందితుని తరఫు న్యాయవాది దీనిని ప్రస్తావించవచ్చు.

ప్రశ్నించే గదిలో

రాజ్యాంగం 20వ అధికరణం ప్రకారం నిందితుని తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పుకోమని నిర్బంధించరాదు. ఈ రక్షణ న్యాయస్థానానికే పరిమితమా, ఠాణాకు కూడా వర్తిస్తుందా అన్న ప్రశ్నకు సమాధానం ఒడిశాకు చెందిన కేసులో లభించింది. మాజీ ముఖ్యమంత్రి నందిని శతపథిని పోలీసులు ఠాణాకు పిలిపించి వ్రాతపూర్వక ప్రశ్నలు ఇచ్చారు. ఆమె సమాధానం చెప్పడానికి నిరాకరించారు. తనను నేరంలో ఇరికించే ప్రశ్నలకు మౌనం వహించే హక్కు పోలీసు దర్యాప్తు దశలోనే ఉన్నదని 1978లో సుప్రీంకోర్టు తేల్చింది. స్త్రీని ఠాణాకు పిలిపించడాన్ని కూడా తప్పుపట్టింది.

నేటి చట్టంలో 179వ సెక్షన్ ప్రకారం స్త్రీలను, 15 ఏళ్ల లోపు బాలురను, 60 ఏళ్లు దాటిన పురుషులను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని సాక్షులుగా ప్రశ్నించవలసివస్తే పోలీసులే వారి ఇంటికి వెళ్లాలి. వారంతట వారు ఠాణాకు రావడానికి ఇష్టపడితే వేరు. దర్యాప్తులో పోలీసులు వ్రాసుకొనే సాక్షి వాంగ్మూలంపై సంతకం తీసుకోరాదు. అరెస్టయిన వ్యక్తి ప్రశ్నించే సమయంలో తన న్యాయవాదిని కలుసుకోవచ్చు. అయితే ఆద్యంతం న్యాయవాది పక్కనే ఉండే హక్కు లేదు.

నేరం ఒప్పుకుంటూ పోలీసు అధికారికి చెప్పిన మాట సాక్ష్యంగా చెల్లదు. సాక్ష్య అధినియం 23వ సెక్షన్ ఈ నియమాన్ని కొనసాగించింది. ఆ మాట ఆధారంగా ఒక వస్తువో, ఒక విషయమో బయటపడితే దానికి సంబంధించినంత భాగమే చెల్లుతుంది. కొడితే వచ్చే ఒప్పుకోలు నమ్మదగినది కాదన్న అనుభవమే ఈ నియమానికి కారణం. ఒప్పుకోలు రాబట్టడానికి గాయపరచడం న్యాయ సంహిత 120వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడదగిన నేరం. నేరస్థలంలోను, సోదాలోను వ్రాసే పంచనామా, అనగా కన్నడ, తమిళ ప్రాంతాలలో మహజరు, చదవకుండా పంచులు సంతకం చేయరాదు. సోదాను ఆడియో, వీడియో రూపంలో చిత్రీకరించాలని కొత్త చట్టం విధించింది.

వృత్తిధర్మం: చట్టం చూపని చోట

చట్టం ఎన్ని నియమాలు చెప్పినా, ఠాణాలో అర్ధరాత్రి ఏం జరుగుతున్నదో చూసే కన్ను ఎల్లప్పుడూ ఉండదు. అక్కడ పనిచేసేది వృత్తిధర్మమే. 1960లో ఐ.జి.ల సమావేశం ఆమోదించిన పోలీసు ప్రవర్తనా నియమావళిని కేంద్ర హోంశాఖ 1985లో సవరించి రాష్ట్రాలకు పంపింది. అందులోని భావాలు సూటియైనవి. పోలీసు న్యాయమూర్తి స్థానాన్ని ఆక్రమించరాదు. దోషులను తానే శిక్షించరాదు. ముందు నచ్చజెప్పడం, సలహా, హెచ్చరిక; బలప్రయోగం తప్పనిసరి అయితే అత్యల్పంగా. సమర్థతకు కొలమానం నేరాలు, అలజడులు లేకపోవడమే. పోలీసు హడావుడి కనిపించడం కాదు. మతం, భాష, ప్రాంతం అనే తేడాలకు అతీతంగా ప్రజలందరి పట్ల సోదరభావం పెంపొందించాలి. 1979 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ ఆమోదించిన ప్రవర్తనా నియమావళి కూడా హింసను ఏ పరిస్థితిలోనూ, పై అధికారి ఆజ్ఞ ఉన్నదన్న సాకుతో సైతం, సమర్థించరాదని చెబుతున్నది.

భాష, ప్రాంతం అన్న మాటలు ఆ నియమావళిలో చేరడం తెలుగు వలస కుటుంబాలకు ముఖ్యమైన విషయం. వీధిలో దొంగతనం జరిగినప్పుడు తొలి అనుమానం ‘ఊరు కాని వాడి’పై పడడం అన్ని చోట్లా ఉన్నదే. తెలుగు పట్టణాలలో ఇతర రాష్ట్రాల కూలీల పట్ల కూడా ఇదే వైఖరి కనిపిస్తుంది. ఆధారం లేని ఆ అనుమానాన్ని దర్యాప్తుగా మార్చకపోవడమే అధికారి వృత్తిధర్మం.

శిక్షణార్థికి ఎదురయ్యే కఠినమైన పరీక్ష లంచం ఒక్కటే కాదు. ‘వీడే చేశాడని అందరికీ తెలుసు, సాక్ష్యం మాత్రం లేదు’ అనిపించిన క్షణం అంతకంటె ప్రమాదకరమైనది. అప్పుడు కల్పించిన సాక్ష్యం, వేసిన దెబ్బ న్యాయం కోసమే అన్న భ్రమ కలుగుతుంది. ఆ నమ్మకం తప్పయితే నిరపరాధి శిక్ష అనుభవిస్తాడు. అసలు నేరస్థుడు వీధిలోనే ఉంటాడు. నమ్మకం సరైనదే అయినా, కల్పన బయటపడితే కేసు కూలిపోతుంది.

తోటి ఉద్యోగి తప్పును దాచిపెట్టడం మరొక పరీక్ష. 2020 జూన్‌లో తమిళనాడు తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో, లాక్‌డౌన్ వేళలు మించి దుకాణం తెరిచి ఉంచారన్న ఆరోపణపై మొబైల్ ఫోన్ల దుకాణం నడిపే తండ్రీకొడుకులను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. కొద్ది రోజులకే, రిమాండులో ఉండగా, ఇద్దరూ మరణించారు. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం తనంతట తానే ఈ విషయాన్ని చేపట్టింది. విచారణకు వెళ్లిన జ్యుడీషియల్ మేజిస్ట్రేటు ఎదుట, అదే ఠాణాలో పనిచేసే ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ ఆ రాత్రి తాను చూసినదానిని వాంగ్మూలంగా ఇచ్చారు. ఆమెకు రక్షణ కల్పించాలని హైకోర్టు ఆదేశించింది. తరువాత దర్యాప్తు చేపట్టిన సి.బి.ఐ. పోలీసు సిబ్బందిపై హత్యాభియోగం మోపింది.

ఈ ఉదంతంలో రెండు పాఠాలు ఉన్నాయి. అరెస్టుకు అవసరం, వైద్య పరీక్ష, మేజిస్ట్రేటు పరిశీలన అన్న అంచెలు కాగితంపై లాంఛనంగా మిగిలిపోతే ప్రాణాలే పోతాయి. మరొకటి, తోటివారి ఒత్తిడి మధ్య నిలబడి సత్యం చెప్పిన ఉద్యోగిని శాఖకు ద్రోహం చేయలేదు. ఆమె తన ప్రమాణాన్ని నిలుపుకున్నారు.

తప్పు జరిగినప్పుడు

2006 సెప్టెంబరులో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పోలీసులపై ఫిర్యాదుల విచారణకు రాష్ట్ర, జిల్లా స్థాయిలలో ప్రత్యేక ప్రాధికార సంస్థలు ఏర్పాటు చేయాలని ఆదేశించింది. వాటి రూపం రాష్ట్రానికో విధంగా ఉంది. ఠాణాలలో సి.సి. కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో అదే న్యాయస్థానం ఆదేశించింది. వేధింపు జరిగితే ఆ దృశ్యాలను భద్రపరచవలసిందిగా వెంటనే వ్రాతపూర్వకంగా కోరడం మంచిది. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఘటన జరిగిన ఏడాదిలోగా ఫిర్యాదు చేయాలి. రుసుము లేదు. ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా వ్రాయవచ్చు గనుక తెలుగులోనే పంపవచ్చు.

1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలు, పిల్లలు, ఎస్.సి., ఎస్.టి. వర్గాలవారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు, నిర్ణీత ఆదాయం లోపువారు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ప్రతి జిల్లాలో న్యాయసేవల సంస్థ ఉంటుంది. తెలుగు తెలిసిన న్యాయవాదిని కేటాయించమని కోరవచ్చు.

పౌరుని వైపు ధర్మం

పోలీసు వృత్తిధర్మానికి పౌరుని సహకారం కూడా కావాలి. కక్షతో అబద్ధపు ఫిర్యాదు చేయడం నేరం. 2018 సవరణ తరువాత లంచం ఇవ్వడం కూడా శిక్షార్హమే. బలవంతం వలన ఇచ్చినవారు ఏడు రోజులలోగా ఫిర్యాదు చేస్తే ఆ చట్టం వారిని శిక్షించదు. ‘ఊరు కాని ఊరు, ఎందుకు వచ్చిన గొడవ’ అని సాక్ష్యం చెప్పకుండా తప్పుకుంటే, రేపు అదే వీధిలో తనకు అన్యాయం జరిగినప్పుడు సాక్షి దొరకడు.

గుర్తుంచుకోవలసినవి

ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఉచితం, సంఖ్య, సెక్షన్లు చూసుకొని తీసుకోవాలి.

చదివి వినిపించకుండా, అర్థం కాకుండా ఏ కాగితంపైనా సంతకం చేయరాదు. ఖాళీ కాగితంపై అసలే చేయరాదు.

అరెస్టు కారణాలను అర్థమయ్యే భాషలో, వ్రాతపూర్వకంగా కోరాలి.

24 గంటలలో మేజిస్ట్రేటు ముందు హాజరు. అక్కడ నిర్భయంగా మాట్లాడాలి.

ఫిర్యాదుపై దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజులలోగా పోలీసులు తెలియజేయాలి.

అత్యవసర సహాయం 112, ఉచిత న్యాయ సహాయం 15100, సైబర్ మోసాలు 1930, మహిళలకు 181, బాలలకు 1098.